సిగ్గుపడి దాచుకోవలసిన జబ్బు కాదు
(స్కాలర్‌షిప్పుల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈసారి పిల్లలకు పొదుపు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. బి.కాం. చదివి, ముప్పయ్యేళ్లకు పైగా బ్యాంకులో గుమాస్తాగా పనిచేసినదాన్ని కనుక అలా అడగడం సహజమే. పొదుపు గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, ఎవరూ నోరు విప్పని విషయం ఒకటుంది, అది మాట్లాడతానన్నాను. వారు ఒప్పుకున్నారు. అందుకు వారికి కృతజ్ఞతలు. మగపిల్లలు లేచి వెళ్లనక్కర్లేదు. మీకూ అమ్మ, అక్కచెల్లెళ్లు ఉన్నారు. తండ్రులు కూడా కూర్చోండి.

నేను డాక్టరును కాను. రిటైరయ్యాక మన బరంపురంలో జరిగే ఆరోగ్య శిబిరాల్లో పేర్లు రాసే బల్ల దగ్గర కూర్చుంటున్నాను. ఆడవాళ్లు వచ్చి "కడుపునొప్పి" అని రాయిస్తారు. నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చి, నా చెవిలో "నొప్పి కాదమ్మా, అక్కడ దురద" అంటారు. ఆ మాట చెప్పడానికి కొందరు నెలలు ఆగారు. శిబిరానికి వచ్చే లేడీ డాక్టరుగారి దగ్గర కూర్చుని అడిగి తెలుసుకున్నదే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

ముందుగా ఒక సంగతి. తెల్లబట్ట అయినంత మాత్రాన జబ్బు కాదు. రజస్వల అయిన ప్రతి ఆడపిల్లకూ కొంత స్రావం ఉంటుంది. నెలసరికీ నెలసరికీ మధ్య ఒకప్పుడు నీళ్లలా, ఒకప్పుడు జిగటగా ఉంటుంది. దురద, మంట, దుర్వాసన లేకపోతే అది శరీరం తనను తాను శుభ్రం చేసుకునే పద్ధతి. "ఒంట్లో వేడి చేసింది, ఎముకలు కరిగిపోతున్నాయి" అని పిల్లను భయపెట్టకండి. ఎముకలు కరిగి అలా రావు.

ఇక ఈస్ట్ ఇన్ఫెక్షన్. దీనికి కారణం కాండిడా అనే ఫంగస్. ఇది చాలామంది ఒంట్లో ఏ హానీ చేయకుండా ఉంటుంది. యోనిలో ఉండే మంచి బ్యాక్టీరియా దీన్ని అదుపులో పెడుతుంది. ఆ అదుపు తప్పినప్పుడు ఫంగస్ పెరుగుతుంది. జ్వరానికో, గొంతునొప్పికో యాంటీబయోటిక్ మందులు వాడినప్పుడు మంచి బ్యాక్టీరియా కూడా చచ్చిపోతుంది. గర్భిణులకు, మధుమేహం అదుపులో లేనివారికి, స్టెరాయిడ్ మందులు వాడేవారికి, రోగనిరోధక శక్తి తగ్గినవారికి ఇది తేలిగ్గా వస్తుంది. నూటికి 75 మంది స్త్రీలకు జీవితంలో ఒక్కసారైనా వస్తుందని వైద్య గ్రంథాలు చెబుతాయి. ఇంత మామూలు జబ్బుకు ఇంత రహస్యం ఎందుకు?

తల్లులకు ఒక మాట. దీన్ని సుఖవ్యాధిగా లెక్కించరు. పెళ్లికాని పిల్లకూ వస్తుంది, ఏ సంబంధమూ లేని పిల్లకూ వస్తుంది. "నీకిదెలా వచ్చింది?" అని అనుమానంగా చూసే చూపు ఆ పిల్ల నోరు మూయించేస్తుంది.

దీని గుర్తులు ఇవి. బాగా దురద. బయటి భాగం ఎర్రబడి వాయడం. మూత్రం ఆ చర్మానికి తగిలినప్పుడు మంట. తెల్లగా, చిక్కగా, పెరుగు తునకల్లాంటి స్రావం. అయితే అందరికీ స్రావం ఇలాగే ఉండదు, కొందరికి దురద మాత్రమే ఉంటుంది. సాధారణంగా దుర్వాసన ఉండదు. పలచగా, బూడిదరంగులో, చేపల వాసనతో వస్తే అది బ్యాక్టీరియా వల్ల వచ్చే వేరే ఇబ్బంది కావచ్చు. పసుపు, ఆకుపచ్చ రంగులో నురగగా వస్తే ఇంకొకటి కావచ్చు. ఒకదాని మందు ఇంకొకదానికి పనిచేయదు.

గుర్తులు తెలిశాయి కదా, మందు మనమే కొనుక్కోవచ్చు కదా అనిపిస్తుంది. 2002లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం ఉంది. తమకు ఈస్ట్ ఇన్ఫెక్షనే వచ్చిందని తామే నిర్ణయించుకుని దుకాణంలో మందు కొన్న 95 మంది స్త్రీలను పరీక్షించారు. అందులో నిజంగా ఆ జబ్బు ఒక్కటే ఉన్నవారు మూడింట ఒక వంతు మాత్రమే. అందుకే మొదటిసారి వచ్చినప్పుడు డాక్టరుకు చూపించాలి.

ఒక శిబిరంలో డిగ్రీ చదివే అమ్మాయి కనిపించింది. హాస్టల్లో ఉండగా జ్వరం వచ్చి యాంటీబయోటిక్ వాడింది. వారం తిరక్కుండా దురద మొదలైంది. స్నేహితురాలు చెప్పిందని దుకాణంలో దురద ట్యూబు కొని రాసుకుంది. అందులో స్టెరాయిడ్ కలిసి ఉంది. స్టెరాయిడ్ రాస్తే దురద తగ్గినట్టు ఉంటుంది కాని, లోపల ఫంగస్ మరింత పెరుగుతుంది. ఇలాంటి స్టెరాయిడ్ పూతమందులు చాలావాటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్ర ప్రభుత్వం నిబంధన తెచ్చింది. అయినా ఆ పిల్లకు దొరికింది. నెలన్నర పాటు నిద్ర లేదు, పరీక్షహాల్లో మూడు గంటలు కూర్చోలేకపోయింది. డాక్టరుగారు సరైన మందు ఇచ్చాక వారంలో నయమైంది. తల్లి కళ్లనీళ్లు పెట్టుకుని, "నాతో చెబితే నేనేమైనా అనేదాన్నా?" అంది. "ఏ మాటతో చెప్పాలో తెలియలేదమ్మా" అంది ఆ పిల్ల.

ఆ జవాబు నన్ను వదలలేదు. తరతరాలుగా బయటి రాష్ట్రాల్లో ఉంటున్న మనకు ఇదొక ప్రత్యేకమైన చిక్కు. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, ఆసుపత్రిలో ఇంకో భాష. అందుకే ఈ మాటలు రాసుకోండి. తెలుగులో తెల్లబట్ట. ఒడియాలో ధళా స్రాబ. తమిళంలో వెళ్ళైప్పడుదల్. కన్నడంలో బిళి సెరగు. మరాఠీలో అంగావరూన్ పాంఢరే జాణే. దురద, మంట అన్న మాటలు కూడా మీ ఊరి భాషలో నేర్చుకోండి. నాయనమ్మకు ఆసుపత్రిలో దుబాసీగా వెళ్లేది మీరే కదా.

ఇప్పుడు ఎప్పుడు వెళ్లాలో చెబుతాను. మొదటిసారి వచ్చినా, దుర్వాసన, రంగు తేడా, పుండ్లు, పొక్కులు, నెలసరి కాని సమయంలో రక్తం కనిపించినా రెండు మూడు రోజుల్లో వెళ్లండి. గర్భిణులు, మధుమేహం ఉన్నవారు, ఇంకా రజస్వల కాని చిన్నపిల్లలు, ముట్లుడిగిన పెద్దవాళ్లు సొంత వైద్యం చేయకూడదు. మందు వాడినా 7 రోజుల్లో తగ్గకపోతే, తగ్గి రెండు నెలల్లోపే మళ్లీ వస్తే, ఏడాదిలో 3 సార్లు వస్తే తప్పక వెళ్లాలి. అలా పదేపదే వస్తే షుగరు పరీక్ష కూడా అడగండి. నా తోటి ఉద్యోగిని ఒకామెకు మధుమేహం బయటపడింది ఈ దురద వల్లనే. జ్వరం, వణుకు, పొత్తికడుపులో నొప్పి ఉంటే మాత్రం రేపటి దాకా ఆగకండి, ఆ రోజే వెళ్లాలి.

వైద్యం పెద్ద ఖర్చు కాదు. ఎక్కువమందికి క్లోట్రిమజోల్ అనే మందు లోపల పెట్టుకునే బిళ్లగానో పూతమందుగానో ఇస్తారు, లేదా ఫ్లూకోనజోల్ మాత్ర ఒక్కటి ఇస్తారు. గర్భిణులకు ఆ మాత్ర ఇవ్వరు, క్లోట్రిమజోల్ వంటి మందే 7 రోజులు వాడమంటారు. గర్భం ఉన్నా, ఉందేమోనన్న అనుమానం ఉన్నా ముందే చెప్పాలి. దురద తగ్గిందని మందు మధ్యలో ఆపకండి.

ఎక్కడికి వెళ్లాలి? మన ఊళ్లో ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రిలో స్త్రీల విభాగం ఉంది. 10 నుంచి 19 ఏళ్ల పిల్లల కోసం 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్రత్యేక క్లినిక్‌లు ఉన్నాయి. ఒడిశాలో వాటిని శ్రద్ధా క్లినిక్‌లంటారు. లేడీ డాక్టరు కావాలని అడగడానికి మొహమాటపడకండి. ఎప్పటినుంచి ఉంది, ఏ మందులు వాడారు, నెలసరి తేదీ ఏమిటి, ఈ మూడూ పాసుపుస్తకంలో పద్దులా కాగితం మీద రాసుకు వెళ్లండి. నోట మాట రాకపోతే ఆ కాగితమే చేతికివ్వండి.

ఇంట్లో జాగ్రత్తలు కొన్ని. డెట్టాల్, వాసన సబ్బులు, పౌడర్లు అక్కడ వాడకండి, లోపల కడగకండి. మామూలు నీళ్లతో బయట కడిగితే చాలు. పెరుగు, వెల్లుల్లి వంటివి పెట్టకండి. మన సముద్రపు గాలికి చెమట ఎక్కువ కనుక నూలు లోదుస్తులు వేసుకోండి, తడిసినవి వెంటనే మార్చండి. లోదుస్తులను ఎవరికీ కనపడకూడదని చీర చాటున ఆరేయకండి, ఎండలో ఆరేయండి.

తల్లిదండ్రులారా, ఫీజులకు ట్రస్టు సాయం చేస్తోంది. కాని నిద్రలేని పిల్ల తలకు చదువు ఎక్కదు. ఈ రాత్రి భోజనాల తర్వాత మీ అమ్మాయితో ఒక్కమాట అనండి: "ఎక్కడ ఇబ్బందిగా ఉన్నా నాతో చెప్పు, నేను కోప్పడను, ఇద్దరం కలిసి డాక్టరు దగ్గరకు వెళదాం." దానికి పైసా ఖర్చు లేదు. తల్లి లేని ఇంట్లో ఆ మాట తండ్రి అనాలి.