కొండ మీద ఏడు రోజులు: "ఇంకా ఎంతసేపు బాబూ?"

నేను బీటెక్ థర్డ్ ఇయర్ చదువుతున్నా. ఈ ఎపిసోడ్‌లో, తిరుమలలో శ్రీవారి సేవ చేసిన ఏడు రోజుల గురించి మాట్లాడుకుందాం.

తెలియనివాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. శ్రీవారి సేవను తిరుమల తిరుపతి దేవస్థానం 2000లో మొదలుపెట్టింది. జీతం ఉండదు. ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి, పద్దెనిమిదేళ్లు నిండి ఉండాలి. మెడలో స్కార్ఫ్ వేసుకుని, డ్యూటీ ఎక్కడ పడితే అక్కడికి వెళ్లాలి. అంతే.

"నువ్వెప్పుడు భక్తుడివయ్యావురా?" అని ఫ్రెండ్స్ ఒకటే ఆటపట్టించారు. అసలు మొక్కు మా అమ్మది. నాన్నకి గుండె ఆపరేషన్ అయినప్పుడు మొక్కుకుంది. తనకేమో మోకాళ్ల నొప్పులు. అందుకే నేను వెళ్లా.

మొదటి మూడు రోజులు తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో వడ్డన. వెంగమాంబ 18వ శతాబ్దపు కవయిత్రి, స్వామి భక్తురాలు. ఆ భవనంలో నాలుగు పెద్ద హాళ్లు, ఒక్కో దాంట్లో వెయ్యి మంది దాకా కూర్చుంటారు. ఒక బంతి లేవగానే ఇంకో బంతి. సాంబారు బకెట్ పట్టుకుని వరుస చివరికి వెళ్లేసరికి చెయ్యి లాగేస్తుంది. కానీ ఆ పని తేలికే. ఎందుకంటే అడిగినవాళ్లకి పెట్టడానికి మన చేతిలో ఏదో ఒకటి ఉంటుంది.

నాలుగో రోజు నన్ను వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో వేశారు. అక్కడ కంపార్ట్‌మెంట్లలో జనం గంటల తరబడి కూర్చుని ఉంటారు. పాలు, ఉప్మా, మంచినీళ్లు అందించడం మా పని. అయితే వాళ్లు అడిగేది ఉప్మా కాదు. "ఇంకా ఎంతసేపు బాబూ?" ఇదొక్కటే. ఒక పూటలో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. జవాబు నా దగ్గర లేదు. గేటు ఎప్పుడు తీస్తారో నాకెలా తెలుస్తుంది?

మా బ్యాచ్‌లో ఒక రిటైర్డ్ మాస్టారు ఉన్నారు. ఆయన ఒకటే చెప్పారు: "తెలియకపోతే తెలియదనే చెప్పు నాన్నా. కానీ నడుస్తూ చెప్పకు, ఆగి చెప్పు."

ఆ మాట నాకు గట్టిగా తగిలింది. నాన్న ఆపరేషన్ రోజు హాస్పిటల్ వరండాలో ఆరు గంటలు కూర్చున్నాం. యూనిఫాం కనబడితే చాలు, అమ్మ లేచి వెళ్లి అదే అడిగేది, "ఇంకా ఎంతసేపు బాబూ?" అని. ఎవరూ ఆగలేదు. వాళ్ల పనులు వాళ్లవి, నిజమే. కానీ ఆ రోజు అమ్మకి కావలసింది టైమ్ కాదు, ఒక మనిషి ఆగి ముఖం చూడటం. ఇప్పుడు స్కార్ఫ్ నా మెడలో ఉంది.

అప్పట్నించి ఆగి చెప్పడం మొదలుపెట్టా. తమిళం వాళ్లకి "ఇన్నుం కొంజం నేరం", కన్నడం వాళ్లకి "ఇన్నూ స్వల్ప హొత్తు" అని పక్కవాళ్లని అడిగి నేర్చుకున్నా. ఒకాయన మాత్రం నా మీద గట్టిగా అరిచాడు. ఆయన భార్యకి షుగర్, కళ్లు తిరుగుతున్నాయంట. ముందు పాలు ఇచ్చి, మాస్టారిని పిలిచాం. ఆయన అక్కడి సిబ్బందికి చెప్పారు. నేను చేసిందల్లా వాళ్లు వచ్చేదాకా ఆవిడ పక్కన కూర్చోవడమే. పోతూ పోతూ ఆయన నా తల మీద చెయ్యి పెట్టి వెళ్లాడు.

దర్శనం అయ్యాక భక్తి పెరిగిందా అని అడిగితే, ఏమో, చెప్పలేను. స్వామి ముందు నిలబడింది కొన్ని క్షణాలే. జనం ముందు నిలబడింది మాత్రం ఏడు రోజులు.

వెళ్లాలనుకుంటే పరీక్షలు లేని వారం చూసుకోండి, నడవడానికి అలవాటు పడండి. గుడే కానక్కర్లేదు. మసీదులో ఇఫ్తార్ దగ్గరైనా, చర్చి పెట్టిన మెడికల్ క్యాంప్‌లో అయినా ఎదురుచూసేవాళ్లు ఉంటారు. అడిగితే ఒక్క నిమిషం ఆగండి. మీ అనుభవాలు కామెంట్లలో రాయండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.