టీబీకి పప్పూ బియ్యం లెక్క

(ఇటీవల మా వాడలో జరిగిన ఆరోగ్య సభలో చేసిన ప్రసంగ పాఠం)



డాక్టర్లు మాట్లాడాల్సిన సంగతి ఇవాళ మేము మాట్లాడుతున్నాం. మేము డాక్టర్లం కాము. అయితే దగ్గేవాళ్ల పక్కన పడుకున్నది మేము, ఆస్పత్రి వరండాల్లో చీటీ పట్టుకుని నిలబడ్డది మేము, పాడె మోసిందీ మేమే. ఆ మాత్రం మాట్లాడే హక్కు ఉందనుకుంటున్నాం.

మా వీధి చివర ఒక అన్న ఉండేవాడు. బేల్దారి పని. దగ్గు పట్టి వదల్లేదు. తెమడ పరీక్ష చేసి టీబీ అన్నారు. బిళ్లలు ఉచితంగానే ఇచ్చారు. "పాలు, గుడ్లు, పప్పు బాగా తిను" అని చెప్పి పంపారు. పనికి పోలేనివాడికి పాలూ గుడ్లూ ఎక్కణ్ణుంచి వస్తాయి? చెప్పినావిడను తప్పుపట్టం, ఆమె చేతిలో మాత్రం ఏముంది గనక. పొద్దున్నే ఖాళీ కడుపున బిళ్లలు మింగితే తిప్పేది, వాంతయ్యేది. మూడో నెలకల్లా బిళ్లలు మంచం కింద డబ్బాలో ఉండిపోయాయి. ఆయన పోయిన రెండేళ్లకు కూతురికీ అదే జబ్బు. ఊళ్లో ఏమన్నారు? "వాళ్లు శుభ్రంగా ఉండరు, తాగుతారు, మందులు సరిగా వాడరు" అన్నారు. ఇంట్లో గింజలున్నాయా అని ఒక్కరూ అడగలేదు.

ఆ ప్రశ్న అడిగినవాళ్లు ఉన్నారని తర్వాత తెలిసింది. జార్ఖండ్‌లోని నాలుగు జిల్లాల్లో డాక్టర్ అనురాగ్ భార్గవ, డాక్టర్ మాధవి భార్గవ, వాళ్లతోపాటు చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధనా సంస్థ వారూ కలిసి ఒక పెద్ద అధ్యయనం చేశారు. దాని పేరు రేషన్స్. 2019 ఆగస్టు నుంచి 2021 జనవరి వరకు 2,800 మంది రోగుల్ని, వాళ్ల ఇళ్లల్లోని 10,345 మందిని చేర్చుకున్నారు. ఆ ఇళ్లవాళ్లలో దాదాపు మూడింట రెండొంతుల మంది సంతాల్, హో, ముండా, ఒరాన్, భూమిజ్ ఆదివాసులు. లాక్‌డౌన్ రోజులు కూడా ఆ మధ్యలోనే వచ్చిపోయాయి.

రోగులందరికీ నెలకు పది కిలోల సరుకులు ఇచ్చారు. బియ్యం, పప్పు, పాలపొడి, నూనె, పైన విటమిన్ బిళ్లలు. ఇంట్లోవాళ్లను మాత్రం రెండు భాగాలు చేశారు. ఒక భాగంలో మనిషికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్లు. రెండో భాగంలో వాళ్లు రోజూ తినేదే. ఆపైన ఎవరికి కొత్తగా టీబీ వస్తుందో 2022 జూలై దాకా చూశారు.

తిండి అందని 4,724 మందిలో 122 మందికి జబ్బు వచ్చింది. తిండి అందిన 5,621 మందిలో 96 మందికి వచ్చింది. వాళ్ల పద్ధతిలో లెక్కకడితే అన్ని రకాల టీబీ కలిపి 39 శాతం తగ్గింది. పక్కవాడికి అంటుకునే ఊపిరితిత్తుల టీబీ అయితే 48 శాతం, అంటే దాదాపు సగం. కొత్త మందు కనిపెట్టి సాధించింది కాదిది. పప్పూ బియ్యంతో సాధించింది! 2023 ఆగస్టులో లాన్సెట్ పత్రికలో ఇది అచ్చయింది.

30 ఇళ్లకు, అంటే 111 మందికి తిండి పెడితే ఒక కొత్త జబ్బు ఆగుతుందని వాళ్లే లెక్క చెప్పారు. "ఇంతా చేసి ఒక్కటేనా" అనే పెద్దమనుషులు ఉంటారు. ఆ ఒక్కరు ఎవరింటి బిడ్డో ఆ ఇంటివాళ్లను అడగమనండి. మిగతా 110 మంది తిన్న అన్నం ఏమన్నా నేలపాలైందా? ఖర్చంటారా, 2019 ధరల్లో రోగికి నెలకు సుమారు 1,100 రూపాయలు, ఇంట్లో ఒక్కొక్కరికి 325.

రోగుల సంగతి ఇంకా వినాలి. చేరినప్పుడు వందలో 82 మందికి పైగా ఉండాల్సిన బరువు లేదు. మొదటి రెండు నెలల్లో బరువు అయిదు శాతం పెరిగినవాళ్లకు చావు ముప్పు 61 శాతం తక్కువగా కనిపించింది. ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ఈ రెండో లెక్క మొదటిదాని వంటిది కాదు. ఇక్కడ రోగులందరికీ తిండి పెట్టారు గనక పోల్చి చూడటానికి తిండి లేని రోగులు లేరు. కాస్త గట్టిగా ఉన్నవాళ్లే బరువు పెరిగి ఉండొచ్చు కూడా. అయినా నలభై కిలోలకు అటూఇటూ ఉన్న మనిషికి రెండు కిలోలు పెరగడమంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆరు నెలల చికిత్స అయ్యాక కూడా సగానికి పైగా మంది తక్కువ బరువుతోనే మిగిలారు. ఆ ఆకలి ఎన్ని తరాలదో ఆలోచించండి.

ఇదే డాక్టర్ భార్గవ బృందం 2013లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ పల్లెల లెక్క ప్రచురించింది. అక్కడ 1,695 మంది టీబీ రోగుల్ని తూచి చూస్తే మగవాళ్లలో నడిమి బరువు 42 కిలోలు, ఆడవాళ్లలో 34 కిలోలు. ముప్పైనాలుగు కిలోల తల్లి! ఆమె నాట్లు వేసింది, కలుపు తీసింది, బిడ్డల్ని కనింది.

మరి ఇంతకాలం ఈ సంగతి ఎందుకు మరుగున పడింది? దీనికి మన పక్కనే, మద్రాసులో ఒక కథ ఉంది. 1956లో అక్కడి క్షయ చికిత్సా కేంద్రంలో కొందరు రోగుల్ని శానిటోరియంలో మంచి తిండి పెట్టి, మరికొందర్ని పేద ఇళ్లల్లోనే ఉంచి, ఇద్దరికీ ఒకే మందులిచ్చి చూశారు. జబ్బు నయం కావడంలో పెద్ద తేడా రాలేదు. దాంతో పేదవాడు ఇంట్లోనే ఉండి, పనికి దగ్గరగా ఉండి మందు వాడుకునే దారి ప్రపంచమంతటా తెరుచుకుంది. అది గొప్ప మేలు, కాదనం. కానీ దాని నుంచి "టీబీకి తిండితో పనిలేదు" అనే మాట కూడా పుట్టించుకున్నారు. ఆ అధ్యయనం అడిగింది మందు పనిచేస్తుందా అని. ఆకలితో ఉన్నవాడికే జబ్బు ఎందుకొస్తోందని దాన్ని ఎవరూ అడగమనలేదు. అడగని ప్రశ్నకు జవాబు వచ్చేసినట్టు అరవై ఏళ్లు కాలం గడిపారు.

సర్కారు ఏమీ చెయ్యలేదని అనం. 2018 ఏప్రిల్ నుంచి రోగి ఖాతాలో నెలకు 500 వేసేవారు, 2024 నవంబరు నుంచి దాన్ని 1,000 చేశారు. బ్యాంకు ఖాతా లేనివాడి సంగతి, ఆలస్యంగా పడే డబ్బు సంగతి మీకు తెలిసిందే. ఇంట్లోవాళ్లకు కూడా తిండి మూటలిస్తామని 2024లో ప్రకటించారు. కానీ అవి నిక్షయ మిత్రలనే దాతలు ముందుకొస్తేనే వస్తాయి. అంటే ఫొటో దిగే దాత దొరికితే మన పిల్లకు పప్పు, దొరక్కపోతే లేదు. 2013 ఆహార భద్రతా చట్టంలో మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం హక్కుగా ఉంది. పప్పు ఆ చట్టంలో లేదు. మేము అడిగేది ఇదే. టీబీ ఉన్న ఇంటికి పప్పూ నూనే రేషన్ షాపులోనే, కార్డు మీదే, హక్కుగా రావాలి.

ఇంకో సంగతి. మాంసకృత్తులు కావాలంటారు. చవగ్గా దొరికే మాంసకృత్తులు మన తాతలు తిన్న పెద్దకూరలోనూ ఎండుచేపలోనూ ఉన్నాయి. వాటిని తిన్నందుకు ముక్కు మూసుకున్నవాళ్లే "బలమైన ఆహారం తినండి" అని గోడల మీద రాయిస్తారు. ఏది తినాలో మేము చూసుకుంటాం, కొనుక్కునే స్తోమత ఎలా వస్తుందో ఆ మాట చెప్పండి.

వచ్చే ఆదివారం సామాజిక భవనం దగ్గర తూకం మిషను పెడుతున్నాం. మందులు వాడుతున్నవాళ్లూ వాళ్ల ఇంట్లోవాళ్లూ అందరూ రండి. ఇవాళ్టి బరువు ఒక చీటీ మీద, రెండు నెలల తర్వాత బరువు అదే చీటీ మీద రాద్దాం. ఖాతాలో డబ్బు ఏ నెల పడిందో, ఏ నెల పడలేదో పక్కనే రాద్దాం. ఆ చీటీలన్నీ కట్టగట్టి ముందు గ్రామసభలోనూ, తర్వాత జిల్లా కలెక్టరు దగ్గరా పెడదాం. చదువుకున్న తమ్ముళ్లు రాయడానికి పెన్నులు తెచ్చుకోండి.