కాపలా దారికి కావాలి, ఆడపిల్లకు కాదు

(మహిళా దినోత్సవ సందర్భంగా మంఖాల్‌లో చేసిన ప్రసంగ పాఠం)



మన మంఖాల్ ఒకప్పుడు వ్యవసాయ గ్రామం. నేడు ఇక్కడ పారిశ్రామికవాడ ఉన్నది. కొద్ది దూరంలో, శంషాబాదులో, 2008లో ప్రారంభమైన అంతర్జాతీయ విమానాశ్రయం ఉన్నది. పొలం పనులకు వెళ్ళిన తల్లుల కూతుళ్ళు నేడు కర్మాగారాలకు, కార్యాలయాలకు వెళుతున్నారు. వారి పని మారింది. వారిని చూసే మన చూపు మారిందా?

2019 నవంబరు 27 రాత్రి శంషాబాదు సమీపాన, తొండుపల్లి టోల్‌గేటు వద్ద, ఒక యువ పశువైద్యురాలిపై జరిగిన అఘాయిత్యాన్ని, ఆమె హత్యను మనం మరువలేము. ఫిర్యాదు నమోదులో జాప్యానికి ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. నిందితులు నలుగురూ డిసెంబరు 6న పోలీసు కాల్పుల్లో మరణించారు. వారిని ఉద్దేశపూర్వకంగానే కాల్చారని సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్ తరువాత తేల్చింది. ఆ విధంగా న్యాయస్థానంలో విచారణ జరగనే లేదు. కాని ఏ నేరమూ చేయనివారికి శిక్ష మాత్రం పడింది. మాకు తెలిసిన ఇళ్ళలోనే, చీకటి పడ్డాక ఇల్లు చేరే ఆడపిల్లల చేత ఉద్యోగం మాన్పించారు. దారిని బాగుచేయవలసిన మనం, దారిన నడిచేవారిని ఆపివేశాము.

ఇతరులను తప్పుపట్టే ముందు మా తప్పు కూడా చెప్పుకోవాలి. మేము గుమాస్తాగా పనిచేసిన ఒక కార్యాలయంలో సహోద్యోగిని ఒకరు ప్రసూతి సెలవు ముగించుకొని వచ్చారు. ఆమె చూసే సీటు అప్పటికే మరొకరికి ఇచ్చివేశారు. "చంటిబిడ్డ తల్లి, తేలిక పని ఉంటే మంచిది" అంటూ ఆమెను ఇన్వర్డు రిజిస్టరు ముందు కూర్చోబెట్టారు. అది దయ అనుకొని మేమూ తల ఊపాము. ఆమె ఇష్టమేమిటో ఎవరమూ అడగలేదు. జీతం తగ్గకపోయినా గౌరవం తగ్గిందని గ్రహించడానికి మాకు చాలా కాలం పట్టింది.

పోనీ, ఇంట్లోనే ఉండి పనిచేస్తే మేలు కదా అంటారు. పనిచేసే ముస్లిం స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ఇంటివద్దనే పనిచేస్తున్నారని 2006లో సచార్ కమిటీ తెలిపింది. కుట్టుపని, మగ్గం పని, గాజుల పని చేసే ఆ చేతులకు కూలి నిర్ణయించేది మధ్యవర్తి. హాజరుపట్టీ లేదు, సెలవు లేదు, యజమాని ఎవరో కూడా తెలియదు. నాలుగు గోడలు అన్యాయం నుంచి కాపాడవు, దానిని కనబడకుండా చేస్తాయి.

దీనికి మతాన్ని అడ్డుపెట్టడం తగదు. హజ్రత్ ఖదీజా వర్తకం నిర్వహించిన మహిళ. స్త్రీ సంపాదన స్త్రీదేనని, తండ్రి ఆస్తిలో కూతురికి వాటా ఉన్నదని మన ధర్మం చెబుతున్నది. ఈ నగరంలోనే సుగ్రా హుమాయూన్ మీర్జా బాలికల కోసం పాఠశాల స్థాపించారు, స్త్రీల కోసం పత్రిక నడిపారు. మాసూమా బేగం 1952లో శాసనసభకు ఎన్నికై, అనంతరం ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గంలో బాధ్యతలు నిర్వహించారు.

హక్కులు ఊరికే రాలేదు. రాజస్థాన్‌లో ప్రభుత్వ కార్యక్రమంలో పనిచేస్తూ బాల్యవివాహాన్ని అడ్డుకున్నందుకు అత్యాచారానికి గురైన భన్వరీ దేవి ఉదంతం నుంచే 1997లో విశాఖ తీర్పు, దాని కొనసాగింపుగా 2013 చట్టం వచ్చాయి. పది మంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా ఫిర్యాదుల కమిటీ ఉండాలి. అంతకు తక్కువైన చోట జిల్లా స్థానిక కమిటీని ఆశ్రయించవచ్చు. సాధారణంగా మూడు నెలలలోపు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఇక నేరం జరిగితే, "మా పరిధి కాదు" అని ఏ పోలీసు స్టేషనూ తిప్పిపంపరాదు.

కాబట్టి సోదరులారా, మన కర్మాగారాలలో ఆ కమిటీ ఉన్నదా అని అడుగుదాం. 2023 డిసెంబరు నుంచి ఆడబిడ్డలకు ఆర్టీసీ సాధారణ బస్సులలో ఛార్జీ అక్కరలేదు. బస్సు దిగిన చోటి నుంచి ఇంటి వరకు వీధిదీపాలు వెలగాలని మున్సిపాలిటీకి అర్జీ పెడదాం. ఆ అర్జీ వ్రాసే పని మాది. గుమాస్తాగిరీలో నేర్చిన విద్య ఇప్పటికైనా మంచికి ఉపయోగపడనివ్వండి. సంతకాలు మాత్రం మీవి కావాలి. మొదటి సంతకం ఒక తండ్రిది కావాలని మా కోరిక.

సెలవు. ఖుదా హాఫిజ్.