పాత భయానక క్రీడకు కొత్త కూర్పు
(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున జరిగిన సాహితీ సమితి సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



ఏటేట ఈ సభలో ఏదో ఒక కావ్యమును గూర్చియో, కవిని గూర్చియో ముచ్చటించుట మనకు వాడుక. ఈ యేడు విషయము వేరు. మన పాఠశాలలో చదివి బెంగుళూరున ఉద్యోగములు చేయుచున్న యువకులు కొందరు ఆదివారములందు ఒక బల్లచుట్టును గూడి ఒక ఆట ఆడుచున్నారు. నియమముల పుస్తకము ఇంగ్లీషున నున్నది. ఆడునప్పటి మాట మాత్రము తెలుగు. ఆ ఆటకు పాత కూర్పు మేలా, సవరించిన కూర్పు మేలా అని వారిలో వారికి వాదము వచ్చి, "మాస్టారూ, రెండును చదివి మీరు చెప్పండి" అని గ్రంథములు తెచ్చి నా బల్లమీద పెట్టిరి. తీర్పు చెప్పుటకు ముందు వ్యాజ్యమేమో సభవారికి తెలుపవలెను గదా.

ఆట పేరు 'కాల్ ఆఫ్ కథుల్హూ'. కథుల్హూ అనునది సముద్రగర్భమున నిద్రించు ఒక భీకర సత్త్వము. ఆ పేరు మనుష్య కంఠమున సరిగా పలుకదని దానిని కల్పించిన రచయితయే చెప్పియున్నాడు. తెలుగున వ్రాసినపుడు అందు 'కథ' కనబడుట యాదృచ్ఛికము.

ఈ తరహా ఆటలలో మొదట అచ్చయి పేరొందినది 1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు వెలువరించిన 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్'. నలుగురైదుగురు కూర్చుందురు. ఒకరు కథ నడుపుదురు. తక్కినవారు తలకొక పాత్ర ధరించి, "నేనీ తలుపు తీయుచున్నాను", "నేనీ లేఖ చదువుచున్నాను" అని నోటితో చెప్పుచు సాగుదురు. ఫలితము సందేహమైనచోట పాచిక తీర్పు చెప్పును. మన వీధినాటకమున పాత్రధారికి తన పద్యము ముందే కంఠస్థము. ఇందు ఎవరికిని తరువాతి మాట తెలియదు. అదియే దీని రుచి.

ఆ మొదటి ఆటలో పాత్రధారి వీరుడు. రాక్షసుని గూల్చి ధనము గైకొనును. ఆడినకొలది బలము పెరుగును. 1981లో కేయాసియం అను సంస్థ ప్రకటింపగా శాండీ పీటర్సన్ రచించిన కథుల్హూ ఆట దీనిని తలక్రిందులు చేసినది. ఇందు పాత్రలు ఆచార్యులు, పత్రికా విలేఖరులు, వైద్యులు, గ్రంథాలయాధికారులు. పెక్కుసార్లు 1920ల నాటి అమెరికావాసులు. వీరిని పరిశోధకులందురు. కథ నడుపువానిని కీపరు అందురు. పరిశోధకుడు ఆడినకొలది పెరుగడు, తరుగును.

దీనికి మూలము హెచ్. పి. లవ్‌క్రాఫ్ట్ (1890–1937) కథలు. ఇతడు అమెరికాలోని ప్రావిడెన్సు నగరవాసి. బ్రతికినన్నాళ్లు చౌకకాగితపు పత్రికలకు కథలు వ్రాసి పేదవాడుగనే పోయెను. ఆటకు పేరిచ్చిన కథ 1928లో 'వియర్డ్ టేల్స్' పత్రికలో వచ్చినది. అతడు చెప్పిన భయము దయ్యపు భయము కాదు. దయ్యమునకు మనిషిపై పగయుండును. పగ కూడ ఒక బంధుత్వమే. లవ్‌క్రాఫ్ట్ కల్పించిన పురాతన శక్తులకు మనిషి ఉనికియే పట్టదు. ఆ సంగతి తెలిసినవానికి మతి నిలువదు.

ఈ భావమును అంకెలలో పట్టుటయే పీటర్సన్ చేసిన గొప్పపని. పాత్రకు బలము, తెలివి, చదువు మొదలగువానికి అంకెలున్నట్లే మతిస్థిమితమునకును ఒక అంకె యున్నది. ఘోరమును చూచినపుడెల్ల దానిపై పాచిక వేయవలెను. తప్పినచో అంకె తరుగును. ఒక్కమారుగా 5 గాని, అంతకు మించి గాని తరిగినచో తెలివికి పరీక్ష పెట్టుదురు. ఇందలి చమత్కారమేమనగా, ఆ పరీక్షలో నెగ్గినవానికే మతి చలించును! చూచినదేమో గ్రహించినాడు గావున. గ్రహింపలేని మందబుద్ధి బ్రతికిపోవును. అంతేగాక, ఆ నిషిద్ధ విద్యలో పాత్ర సంపాదించిన జ్ఞానమును 99 నుండి తీసివేయగా మిగిలినదే అతని స్థిమితమునకు పై హద్దు. జ్ఞానము 20 అయినచో 79 దాటి ఎన్నడును కోలుకొనలేడు. చదువు చెప్పి జీవించు నాకు ఈ నియమము కొంత చేదుగానే యున్నది.

ఆరవ కూర్పు వరకు ఈ ఆట ఎముకల గూడు పెద్దగా మారలేదు. పాతికేండ్ల క్రిందటి పుస్తకములోని కథను తీసి నేటి బల్లమీద ఆడుకొనవచ్చునన్నది అభిమానుల గర్వము. ఇట్టి ఆటకు మైక్ మేసన్, పాల్ ఫ్రికర్ అను ఇద్దరు ఇంగ్లీషువారు ఏడవ కూర్పును సిద్ధపరచుచున్నారనియు, అది పైపై సవరణ గాక నియమముల మార్పే యనియు తెలిసినపుడు ఆశయు, అనుమానమును ఒక్కసారే పుట్టినవి.

ఆశించినవారి మాట ఇది: పాత నియమములు ఒకే యింట మూడు వంటలవలె నున్నవి. నేర్చిన విద్యలు నూటికి ఇన్ని పాళ్లని లెక్క. గుణములు మాత్రము సామాన్యముగ 3 నుండి 18 వరకు. వానిని పరీక్షింపవలసినచో 5 చేత హెచ్చింపవలెను. రెండు బలములు ఎదురుపడినచో వేరొక పట్టిక చూడవలెను. 12 బలముగలవాడు 10 బరువును ఎత్తగోరినచో 50కి, హెచ్చైన రెండింటికి తలకొక 5 చేర్చి, నూటికి 60 పాళ్లు. లెక్క సులభమే, కాని భయపడవలసిన ఘడియలో పట్టిక తిరుగవేయువానికి భయమెక్కడిది? కొత్త కూర్పున ఆ పట్టిక పోయినది. గుణములన్నియు ముందే 5 చేత హెచ్చింపబడి నూటి లెక్కలోనికి వచ్చినవి. కష్టమైన పనికి అంకెలో సగము, మిక్కిలి కష్టమైనదానికి అయిదవ వంతు. ఎదురెదురుగా నిలిచిన ఇద్దరును పాచికలు వేసి ఎవరి గెలుపు మేలుతరగతిదో చూతురు. అనుకూల పరిస్థితిలో పదుల పాచిక ఒకటి అదనముగ వేసి మంచిది ఏరుకొందురు, ప్రతికూలమైనచో చెడ్డది. వెంబడించి పారిపోవు ఘట్టములకు ఒక అధ్యాయమే చేర్చిరి.

సందేహించినవారిలో కొందరు ఆ పట్టికకొరకే దుఃఖించిరి. వారితో నాకు ఏకీభావము లేదు. చిరకాలము వాడిన వస్తువుపై మమకారము వేరు, దాని ప్రాణము వేరు. రెండు దళసరి గ్రంథములుగ, రంగుల బొమ్మలతో అచ్చువేయుటచే వెల పెరుగుననువారి మాట కొంత న్యాయమే. ఒక్క పుస్తకముతో చిరకాలము గడచిన ఆట ఇది. కాని కీపరు గ్రంథమొక్కటి యున్నను ఆడవచ్చును.

అసలు బరువైన సందేహము వేరు. కొత్త కూర్పున తప్పిన పాచికను మరల వేయవచ్చును. అదృష్టపు అంకెను ఖర్చుచేసి పాచిక తప్పును దిద్దుకొనవచ్చును. ఆటగానికి ఇన్ని ఊతకర్రలిచ్చినచో నిస్సహాయత పోవును, నిస్సహాయత పోయినచో భయము పోవును — ఇది వారి వాదము. తేలికగా తోసివేయదగినది కాదు.

మరల వేయు నియమమును నిదానముగ చూడుడు. ఊరకే వేయరాదు; రెండవ యత్నము ఎట్లు వేరో చెప్పవలెను. మొదటి కూర్పునుండియు బోస్టన్ నగరపు పాడుబడిన యింటి కథ ఒకటి ఈ ఆటతో వచ్చుచున్నది. అట్టి యింట ఒక తలుపు తాళము రాలేదనుకొనుడు. "ఇనుప గడ్డపార పెట్టి పెకలించెదను" అని ఆటగాడనును. "ఈ మారు తప్పినచో ఆ చప్పుడునకు మేడమీద నున్నది మేల్కొనవచ్చును, సమ్మతమా?" అని కీపరు అడుగవచ్చును. బల్లచుట్టును నిశ్శబ్దము. పాత నియమమున ఆపద పైనుండి వచ్చి పడెడిది. ఇందు తన చేతితో తానే పిలుచుకొనవలెను. లవ్‌క్రాఫ్ట్ కథలలో మనుష్యులు చెడుటయు ఇట్లే — చదువవలదన్న పుస్తకము చదివి, తెరువవలదన్న తలుపు తెరచి. కావున ఈ నియమము భయమును తగ్గింపలేదు, మూలమునకు మరింత దగ్గర చేర్చినదని నా తలంపు.

అదృష్టమును ఖర్చుచేయు నియమము విషయమున మాత్రము సందేహించినవారే గెలిచిరి. ఆఖరి క్షణమున నాలుగు పాయింట్లు చెల్లించి బయటపడు పరిశోధకుని చూచి ఎవరు వణకుదురు? అయితే దీనిని ఐచ్ఛికముగనే పెట్టిరి, కీపరు వలదనవచ్చును. అనుటయే మేలు. మతిస్థిమితపు పాచికను మాత్రము మరల వేయుటకును వీలులేదు, అదృష్టముతో దిద్దుటకును వీలులేదు. ఆట గుండె యెక్కడ నున్నదో సవరించినవారికి తెలియుననుటకు ఇంతకంటె సాక్ష్యము నేనడుగను.

పాత కథలు పనికివచ్చునా అన్న భయమునకు జవాబు మూడవ తరగతి గణితము: గుణములను 5 చేత హెచ్చించుడు. నన్నడిగినచో, అనుమానపడినవారు పెక్కుమందిని ఒప్పించినది ఈ హెచ్చవేతయే. పెట్టెలోని పాత పుస్తకములు వ్యర్థము కాలేదు.

కాని అభిమానులకు నిజముగ దెబ్బ తగిలినది ఎవరును అనుమానింపని చోట. 2013లో కిక్‌స్టార్టర్ అను వేదికపై ముందుచందాలు సేకరింపగా ఐదున్నర లక్షల డాలర్లకు పైగా వచ్చినది. మన పెద్దలు పద్యకావ్యములను ముందుచందాలతో అచ్చు వేయించిన పద్ధతియే. ప్రతి 2014లో కంప్యూటరున చదువుకొను రూపమున అందెను గాని, అచ్చు గ్రంథములు చందాదారులకు చేరునప్పటికి 2016 వచ్చినది. నడుమ 2015లో సంస్థ చిక్కుల పాలు కాగా, 1975లో దానిని స్థాపించిన గ్రెగ్ స్టాఫర్డ్, ఆట రచయిత పీటర్సన్ మరల వచ్చి పూనుకొనిరి. మూన్ డిజైన్ అను సంస్థవారు యాజమాన్యమున చేరిరి. నియమములను గూర్చి వాదులాడినవారందరు ఓడ చిల్లి పడునేమో చూడలేదు. డబ్బు కట్టియు ఓపికపట్టిన చందాదారులది పెద్దమనసే.

ఒక విషయము దాటవేసినచో ఈ సభకు అన్యాయము చేసినవాడనగుదును. లవ్‌క్రాఫ్ట్ తనవారు గాని జాతులను హీనముగ చూచెను; వలస వచ్చినవారు, నల్లవారు అతని కథలలో పెక్కుచోట్ల కీడునకు గుర్తులు. పరాయి రాష్ట్రమున తెలుగు బడి నడుపుకొనుచున్న మనకు ఆ చూపు ఎట్టిదో వివరింప నక్కరలేదు. ఆటను ప్రేమించినవారే ఈ మచ్చను ఎత్తిచూపిరి. 2017లో క్రిస్ స్పైవీ రచించిన 'హార్లెం అన్‌బౌండ్' న్యూయార్కులోని హార్లెం పేటయందలి నల్లవారినే పరిశోధకులుగ నిలిపినది. 2020లో దాని రెండవ కూర్పును కేయాసియం సంస్థయే ప్రకటించినది. నియమములలో ఒక పట్టిక తీసివేయుట కంటె ఇది పెద్ద సవరణయని నేననుకొందును.

ఇక మన యువకుల వ్యాజ్యము. కొత్త కూర్పునే ఆడుడు. అదృష్టపు ఖర్చును మానుడు. 'శానిటీ'కి తెలుగేమని అడిగితిరి. మతిస్థిమితమనుడు, 'పిచ్చి లెక్క' అనకుడు, వ్యాధిగ్రస్తులను నవ్వులపాలు చేసినట్లుండును. చూడగోరువారు గ్రంథములు కొననక్కరలేదు. ఆ బోస్టన్ యింటి కథతో కూడిన చిన్న పుస్తకమును సంస్థవారు తమ వెబ్‌సైటున ఉచితముగ ఉంచినారు. ఎనిమిదవ తరగతికి లోబడిన పిల్లలకు మాత్రము ఇది తగదు. పరీక్షల నెలలో వారికి నిద్ర ముఖ్యము.

సెలవు.