బల్ల ముందు, కలం తర్వాత
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం గదిలో ఒక మూలను దస్తూరి సాధనకు కేటాయించాలనీ, పెద్దలకు మనం ఇచ్చే సన్మాన పత్రాలను ఇకమీదట మన చేతులతోనే రాయాలనీ కార్యవర్గం తలపెట్టింది. అందుకు ఏమేం కొనాలో చెప్పమని నన్ను ఆదేశించారు. ముప్పై ఏళ్ళకు పైగా ఫెయిర్ కాపీలు రాసిన గుమాస్తాను కాబట్టి ఈ పని నాకు తగిలించారనుకుంటాను.

రిటైరయ్యాక మన చేతికి పనేముంది? ఉత్తరాలు ఫోనులోకి వెళ్ళిపోయాయి. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చాక లైఫ్ సర్టిఫికెట్టుకు కూడా వేలిముద్రో, ముఖమో చూపిస్తే సరిపోతోంది. కానీ చెక్కు మీద సంతకం మాత్రం బ్యాంకులో ఉన్న నమూనాతో కలవాలి. వాడని చెయ్యి బిగుసుకుపోతుంది. కౌంటరు దగ్గర మూడుసార్లు సంతకం పెట్టించారని చిన్నబుచ్చుకున్న మిత్రులు ఈ సభలోనే ఉన్నారు. రాతతో అన్నం తిన్న మనకు అంతకన్నా బాధ ఏముంటుంది? అందుకే ఈ మూల అలంకారంగా మిగలకుండా రోజూ వాడుకునేట్టుగా ఉండాలి.

ఇండెంటు పెట్టే ముందు స్టాకు రిజిస్టరు చూడాలన్నది మన పాత నియమం. దుకాణానికి వెళితే ముందు కలాలు చూపిస్తారు. మన వయసువాళ్ళకు వరస వేరు. మొదట వెలుతురు, తర్వాత బల్ల, కుర్చీ, ఆ తర్వాత కాగితం, అన్నిటికన్నా చివర కలం.

వెలుతురు సంగతి. ఇరవై ఏళ్ళవాడి కంటి లోపలికి చేరే వెలుగులో మూడో వంతే అరవై దాటినవాడికి చేరుతుందని కంటి వైద్యులు చెబుతారు. గదిలో ట్యూబులైటు ఉంది కదా అంటే చాలదు. బల్లను కిటికీ పక్కన వేయాలి. కుడిచేత్తో రాసేవారికి వెలుగు ఎడమవైపు నుంచి రావాలి, లేకపోతే చేతి నీడ అక్షరం మీదే పడుతుంది. ఎడమచేతివారికి ఇటుది అటు. సాయంత్రాలకు మెడ వంగే టేబుల్ లాంపు ఒకటి, అందులో ఎల్‌ఇడి బల్బు. బల్బు నేరుగా కంట్లో పడకుండా టోపీ ఉండాలి.

బల్ల సంగతి. ఆఫీసు బల్లలు సుమారు 30 అంగుళాల ఎత్తు. మనలో చాలామందికి 28 ఉంటే హాయి. కొలత పుస్తకం అక్కర్లేదు. కూర్చుని మోచేతులు బల్ల మీద ఆనించినప్పుడు భుజాలు పైకి లేవకూడదు, అంతే. మణికట్టు ఒక్కటే కాదు, ముంజేయి అంతా ఆనాలి. చెయ్యి వణికేవారికి ఆ ఆసరాయే సగం మందు. వణుకు కొత్తగా వచ్చిందైతే మాత్రం ముందు డాక్టరుకు చూపించండి.

బల్ల మీద ఏటవాలు పలక ఒకటి కావాలి. దీనికి దుకాణం అక్కర్లేదు, వడ్రంగి చాలు. 24 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల లోతు ఉన్న ప్లైవుడ్ ముక్కకు వెనక 5 అంగుళాల ఎత్తు పెడితే వాలు దాదాపు 16 డిగ్రీలు వస్తుంది. మెడ వంగదు, సిరా ఒక్కసారిగా దిగదు. కింది అంచుకు సన్నని బద్ద కొడితే కాగితం జారదు. రాసే కాగితం కింద నాలుగైదు పాత పేపర్లు పరిస్తే పాళీ మెత్తగా నడుస్తుంది.

కుర్చీకి చక్రాలు వద్దు. లేచేటప్పుడు వెనక్కి జరిగితే తుంటి ఎముక ఖర్చు సంఘం భరించలేదు! పాదాలు నేలకు ఆనాలి, ఆనకపోతే చిన్న పీట వేసుకోవాలి. కింద కూర్చుని డెస్కు మీద రాసే పద్ధతి అందమైనదే, మోకాళ్ళు ఒప్పుకున్నవారు ఆనందంగా కూర్చోవచ్చు.

కాగితం దగ్గర మన తెలుగుకు ప్రత్యేకమైన చిక్కు ఉంది. పైన గుడులు, కింద ఒత్తులు. ఇంగ్లీషు రాతకు గీసిన గీతల్లో ‘రాష్ట్రం’ అని రాస్తే ఒత్తులు కింది పంక్తి నెత్తిన కూర్చుంటాయి. అక్షరం ఒళ్ళు 10 మిల్లీమీటర్లయితే పంక్తికీ పంక్తికీ 25 మిల్లీమీటర్లు తగ్గకుండా గీతలు గీసిన మాదిరి కాగితం ఒకటి అట్టిపెట్టుకుని, దాన్ని పత్రం కింద ఉంచి రాయాలి. జిరాక్సు కాగితం సాధనకు పనికొస్తుంది గానీ సిరా పాకుతుంది. పత్రాలకు 100 జి.ఎస్.ఎం. కాగితమో, అంతకన్నా దళసరిదో కొనండి.

ఇక కలం. గుండ్రని తెలుగు అక్షరానికి లావూ సన్నం రావాలంటే మొన చదునుగా ఉండాలి. వెదురుపుల్లను వాలుగా చెక్కి, మొనను అడ్డంగా కోసి, మధ్యలో చీలిక ఇస్తే రెండు మిల్లీమీటర్ల కలం ఉచితంగా తయారవుతుంది. స్టీలు పాళీలు కొంటే వాటికి తుప్పు పట్టకుండా పూసిన నూనె ఉంటుంది. సబ్బునీళ్ళతో కడిగితే గాని సిరా పట్టదు. వేళ్ళు బిగుసుకునేవారు పిడికి గుడ్డ చుట్టి లావు చేసుకోవాలి. నీటికి చెదరని నల్ల డ్రాయింగు సిరాను ఫౌంటెన్ పెన్నులో పోయకండి, గడ్డకట్టి పెన్ను చెడుతుంది. ముంచి రాసే కలాలకే అది. సిరాబుడ్డిని బరువైన గిన్నెలో పెట్టి, రాసే చేతివైపు ఉంచండి.

నా ప్రతిపాదన ఇది. మన గదిలో పాత బల్లలు రెండున్నాయి. ఒకదాని కాళ్ళు రెండంగుళాలు కోయిద్దాం. కొనవలసినవి లాంపు, ప్లైవుడ్ పలక, కాగితం, సిరా, పాళీలు. ఖరీదైన పెన్నుల సెట్టు ప్రస్తుతానికి వద్దు. ఆరు నెలలు సాధన చేసి, చెయ్యి అడిగినప్పుడు కొనుక్కుందాం. రోజుకు పావుగంట చాలు. మొదటి వారం ఎవరి పేరు వారు రాయండి, సంతకం దారిలో పడుతుంది. ఆ తర్వాత సన్మాన పత్రాలు.

కోశాధికారి గారు ఎస్టిమేటును దయతో మంజూరు చేయాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.