పసికళ్ళు మన అమానత్
(వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడాది స్కాలర్‌షిప్పుల లెక్క, రంజాన్ రేషన్ లెక్క ఇప్పటికే విన్నారు. నేను అడగబోయే సాయానికి డబ్బు అక్కర్లేదు. అది మన జేబుల్లో ఉన్న ఫోను గురించి.

2019 మార్చి 15, జుమా రోజు. న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ నగరంలో రెండు మసీదుల్లో ఒక దుండగుడు కాల్పులు జరిపాడు. 51 మంది షహీద్ అయ్యారు. వారిలో మన హైదరాబాదు వారూ ఉన్నారు. హంతకుడు ఆ ఘోరాన్ని ఫేస్‌బుక్‌లో ప్రత్యక్షంగా చూపించాడు. మొదటి 24 గంటల్లోనే ఆ వీడియో కాపీలు 15 లక్షలు తొలగించామని ఫేస్‌బుక్ ప్రకటించింది. న్యూజిలాండ్‌లో ఆ వీడియోను దగ్గర ఉంచుకోవడమే నేరమైంది.

ఇలాంటి వీడియోలను పంపేవారంతా చెడ్డవారు కారు. ‘మనవాళ్ళకు ఎంత అన్యాయం జరిగిందో చూడండి’ అని కన్నీళ్ళతో పంపేవారే ఎక్కువ. గాజా దృశ్యాలూ మన గ్రూపుల్లోకి అలాగే వస్తున్నాయి. మన ఉద్దేశం మంచిదే. కానీ అవి ఎవరి కళ్ళ ముందు తెరుచుకుంటున్నాయి?

మన జిల్లాలో ఎన్నో ఇళ్ళలో తండ్రి కువైట్‌లోనో సౌదీలోనో ఉంటాడు. నాలుగేళ్ళ బిడ్డకు అబ్బా అంటే ఫోనులో కనిపించే ముఖం. ఆ ఫోను బిడ్డ చేతికి ఇవ్వక తప్పదు. అబ్బా కాల్ వచ్చే వాట్సాప్‌లోకే గ్రూపు వీడియోలూ వస్తాయి. బిడ్డ దేన్నీ వెతకలేదు. వేలు తగిలింది, అంతే.

మనకు అది దూరదేశపు వార్త. పసిబిడ్డకు దూరం తెలియదు, ‘అయిపోయింది’ అన్నదీ తెలియదు. మళ్ళీ చూస్తే మళ్ళీ జరిగిందనుకుంటాడు. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత టీవీలు అవే అలలను రోజుల తరబడి చూపించడం మన తీరంవాళ్ళు మరిచిపోలేదు. పెద్దలకది ఒక్కసారి వచ్చిన అల. పిల్లలకు చూసిన ప్రతిసారీ కొత్త అలే.

అలా చూసిన బిడ్డ రాత్రి ఉలిక్కిపడి లేవవచ్చు, పక్క తడపవచ్చు, తల్లి కొంగు వదలకపోవచ్చు. మసీదుకు రానని మొండికేస్తే దాని వెనుక భయం ఉందేమో చూడండి.

అప్పుడు తిట్టకండి. ఫోను లాక్కుని అరిస్తే, రేపు ఏం చూసినా దాచిపెడతాడు. ఒళ్ళో కూర్చోబెట్టుకుని ‘ఏం చూశావు బేటా?’ అని అడగండి. చెప్పినంత వినండి. అబద్ధం చెప్పవద్దు, వివరాలూ చెప్పవద్దు. ‘అది చాలా దూరంలో జరిగింది, నువ్వు మా దగ్గరే ఉన్నావు’ అంటే చాలు. పడుకునేటప్పుడు పక్కనే ఉండి రోజూ చదివే దుఆ కలిసి చదవండి. కొన్ని వారాలైనా భయం తగ్గకపోతే పిల్లల డాక్టరుకు చూపించండి. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇంటికి వెళ్ళగానే వాట్సాప్ సెట్టింగ్స్‌లో ‘మీడియా ఆటో డౌన్‌లోడ్’ ఆపండి. ‘మీడియా విజిబిలిటీ’ కూడా ఆపితే వీడియోలు గ్యాలరీలో చేరవు. రెండు నిమిషాల పని.

చివరగా దాతలకు ఒక మనవి. గాయపడిన బిడ్డ ఫోటో పెడితేనే చందాలు వస్తాయని సంస్థలు అనుకుంటున్నాయి. ఆ అలవాటు మనమే మాన్పించగలం. రుజువు కావాలంటే ఆసుపత్రి బిల్లు అడగండి, రసీదు అడగండి, ఆడిట్ లెక్క అడగండి. రక్తం చూపించమని అడగవద్దు. పుచ్చుకునేవారి ఇజ్జత్ కాపాడే గుప్తదానానికి మన దీన్‌లో ఎంత విలువ ఉందో మీకు తెలుసు. వార్త వస్తే ముందు నిర్ధారించుకోమని సూరా హుజురాత్ ఆదేశిస్తోంది. నిర్ధారించుకున్నాక కూడా, ఆ వీడియో పంపే ముందు ఇంకొక్క ప్రశ్న వేసుకుందాం: అవతలి ఇంట్లో ఈ ఫోను ఎవరి చేతిలో ఉంది?

బాధితుల కోసం దుఆ చేద్దాం, మన సంపాదనలోంచి ఇద్దాం. వారి గాయాలను మాత్రం పసికళ్ళకు పంచవద్దు. పిల్లలు అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. దాన్ని కాపాడే శక్తిని ఆయన మనందరికీ ప్రసాదించుగాక, ఆమీన్.