ఇంగ్లీషు పలుకుబళ్లు – వాని యర్థములు
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన గ్రంథాలయమునకు 25 సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున నన్నుకూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించిరి. నేను కళాశాలలో చదివినవాడను కాను. గ్రామపు లెక్కలు వ్రాసుకొనుచు, తీరిక దొరకినపుడు భారత భాగవతములు చదువుకొన్నవాడను. అట్టివాడు ఇంగ్లీషు పలుకుబళ్లనుగూర్చి మాటలాడుట సాహసమని మీకు తోచవచ్చును. అందులకొక కారణము కలదు. దానిని ముందుగా మనవిచేసెదను.

నా యిరువదియైదవ యేట మన యూరిలోనే యొక వృద్ధురాలికి ఉత్తరము వచ్చినది. ఆమె యొక్కగానొక్క కుమారుడు దూరదేశమున అడవిలో కలప కొట్టించు పనిలో నుండెను. వ్రాసినది అతని పైయధికారి, భాష ఇంగ్లీషు. చదివి చెప్పుమని ఆమె నా యొద్దకు వచ్చెను. కుమారునకు జ్వరము తగిలినదనియు, వైద్యుడు దినదినము వచ్చి చూచుచున్నాడనియు అందులో నుండెను. చివర “హి ఈజ్ నాట్ యెట్ ఔట్ ఆఫ్ ది వుడ్స్” అని యొక వాక్యము. నా కడనున్న చిన్న నిఘంటువులో వుడ్స్ అనగా అడవి. “అవ్వా, నీ కొడుకు ఇంకను అడవినుండి బయటికి రాలేదట. పనిలోనే యున్నాడు, భయము లేదు” అని చెప్పితిని. ఆమె సంతోషముతో వెడలిపోయినది.

నాలుగు దినముల పిమ్మట పట్టణమునుండి వచ్చిన యొక ఉపాధ్యాయునకు ఆమె ఆ యుత్తరము చూపగా ఆయన ముఖము మాఱిపోయినది. “గండము ఇంకను గడవలేదు” అని ఆ వాక్యమున కర్థము. ఆ రాత్రియే ఆమెను రైలెక్కించితిమి. దైవకృపవలన ఆ పిల్లవాడు బ్రతికెను. కాని ఆ నాలుగు దినములును అతడు తల్లిని కలవరించుచునే యుండెనని తరువాత తెలిసినది. ఆమె నన్నొక్క పరుషవాక్యమైనను అనలేదు. “నీవేమి చేయుదువు నాయనా, ఆ భాష అట్లున్నది” అని మాత్రమనెను. ఆ మాట నేటికిని నా చెవిలో నున్నది. అప్పటికి మన యూర ఈ గ్రంథాలయము లేదు. ఒక మంచి నిఘంటువు ఉండినచో ఆ నాలుగు దినములు దక్కియుండెడివి.

ప్రతి పదమున కర్థము తెలిసియు వాక్యమున కర్థము తెలియకపోవుట యెట్లు? మన యాలంకారికులు దీనిని చక్కగా విచారించిరి. శబ్దమునకు అభిధ, లక్షణ, వ్యంజన అని మూడు శక్తులు చెప్పిరి. గంగలో గొల్లపల్లె యున్నదనినచో నీటిలో పల్లె యుండదు గనుక ఒడ్డున నున్నదని గ్రహింతుము, ఇది లక్షణ. దీనికి రూఢి యొకటియు, ప్రయోజన మొకటియు హేతువులని మమ్మటుడు కావ్యప్రకాశమున నిరూపించెను. పలుకుబడి యనునది రూఢిచే నిలిచిన లక్షణ. జనులందఱు ఒక యర్థమున వాడి వాడి దానికి ముద్ర వేసిరి. విడదీసి చూచిన అర్థము జాఱిపోవును.

మన భాషలో మాత్రము ఇట్టివి తక్కువయా? “కాలికి బుద్ధి చెప్పెను” అన్నచో పాఱిపోయెనని మన పసివానికిని తెలియును. “నీళ్లు నమిలెను” అన్న సమాధానము చెప్పలేక తడబడెనని యర్థము. పరదేశి నిఘంటువు పట్టుకొని కూర్చున్నచో, కాలికి హితోపదేశ మేమి, నీళ్లను నములుట యేమి యని విస్తుపోవును. పందొమ్మిదవ శతాబ్దిలో చార్లెస్ ఫిలిప్ బ్రౌను ఈ చిక్కును గుర్తించినవాడు. కనుకనే తన తెలుగు నిఘంటువున పదములకు అర్థము లిచ్చుటతో తనియక, వాడుక వాక్యములనుగూడ చేర్చెను. ఆ దొర మన నుడికి చూపిన శ్రద్ధ మనము వారి నుడికి చూపుట న్యాయము.

ఇంగ్లీషు పలుకుబళ్లలో కొన్నిటికి మన యింటనే చుట్టములున్నవి. “మోల్‌హిల్‌ను మౌంటెన్ చేయుట” యనగా మోల్ అను జంతువు తవ్విపోసిన మట్టికుప్పను పర్వతము చేయుట. మన “గోరంతను కొండంత చేయుట” యిదియే. “రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్” అన్నచో కుక్కలు పిల్లులు కురియవు. అది మన కుంభవృష్టి. “వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్” అనునది మన “అమావాస్యకో పున్నమికో” యనుదానికి దగ్గఱ. అయినను కొంచెము భేదము కలదు. ఒకే ఇంగ్లీషు మాసమున రెండవసారి వచ్చు పూర్ణిమను నేడు బ్లూమూన్ అనుచున్నారు. అది సుమారు రెండున్నర యేండ్ల కొకసారి వచ్చును. మన పున్నమి నెలకొకసారి తప్పక వచ్చును. చుట్టములైనను కవలలు కారు.

మఱికొన్నిటి వెనుక కథలు కలవు. “క్రాసింగ్ ది రూబికాన్” అనునది యట్టిది. రూబికాన్ ఇటలీదేశమున నొక చిన్నయేఱు. సేనతో దానిని దాటి వచ్చుట సేనానికి నిషిద్ధము. క్రీ. పూ. 49లో జూలియస్ సీజరు దానిని దాటెను, అంతర్యుద్ధము మొదలయ్యెను. వెనుకకు మఱలరాని నిశ్చయమునకు అది పేరైనది. “అకిలీస్ హీల్” అనునది గ్రీకుకథ. తల్లి శిశువును మడమ పట్టుకొని దివ్యనదిలో ముంచగా, మడమ తప్ప తక్కిన శరీరము అభేద్యమైనదట. మన జనశ్రుతిలో గాంధారి చూపు సోకని దుర్యోధనుని తొడలు జ్ఞప్తికి వచ్చుట లేదా? బలవంతుని యొక్కగానొక్క బలహీనతకు ఆ మడమ పేరు.

నా వృత్తికి సంబంధించినవి కొన్ని చెప్పనిండు. “కుకింగ్ ది బుక్స్” అన్న పుస్తకములను వండుట కాదు, దొంగలెక్కలు వ్రాయుట. “ఇన్ ది రెడ్” అన్న నష్టములో నున్నాడని యర్థము; లోటును ఎఱ్ఱసిరాతో వ్రాయు నాచారమునుండి పుట్టినది. “రెడ్ టేప్” అనునది కచేరీ కాగితములకు కట్టు ఎఱ్ఱనాడా. ఆ ముడి విప్పువాడు లేక ప్రజలు తిరుగాడు కష్టమునకు అది పేరైనది. “టర్నింగ్ ఓవర్ ఎ న్యూ లీఫ్” అన్నపుడు లీఫ్ చెట్టుయాకు కాదు, పుస్తకపు పుట. నడవడి దిద్దుకొని క్రొత్తగా మొదలిడుట యని భావము. తాటాకు గ్రంథములు చదివిన మన పెద్దలకు ఆకే పుట గనుక, ఈ మాట వారికి వెంటనే బోధపడెడిది.

కొన్ని పలుకుబళ్లు మన భాషలోనికే నడచివచ్చినవి. “తెల్ల యేనుగు” అని పత్రికలు వ్రాయుచున్నవి. సయాము రాజులు తమకు గిట్టనివానికి తెల్ల యేనుగును బహూకరించెడివారనియు, అది పూజ్యమగుటచే పని చేయింపరాక, మేపలేక వాడు చెడిపోయెడివాడనియు ఒక కథ. కనుక ఇంగ్లీషున అది మోయరాని వ్యయము. మనకో, తెల్ల యేనుగన్న ఇంద్రుని యైరావతము! భావ మెఱుగక ఒక పెద్దమనిషిని తెల్ల యేనుగుతో పోల్చినచో, మనము పొగడితిమనుకొందుము, ఆయన తిట్టితిరనుకొనును. అట్లే “కికింగ్ ది బకెట్” అన్న మరణించుట. తెలుగున “బాల్చీ తన్నుట” యని హాస్యమునకు వాడుదురు. పరామర్శ లేఖలో దానిని వ్రాయరాదు. అర్థము తెలిసిన చాలదు, సమయముకూడ తెలియవలెను.

విద్యార్థులకు నా మనవి యిది. వాక్యము పొసగక వింతగా తోచినపుడు అక్కడ పలుకుబడి యున్నదని అనుమానింపుడు. నిఘంటువులో పదమునకు మొదట నున్న అర్థముతో ఆగక వ్యాసము చివరివఱకు చదువుడు. అప్పటికిని తెలియనిచో తెలియలేదని చెప్పుడు. ఆ నాడు నేను “నాకు తెలియలేదు, పట్టణమునకు పోయి చదివించుకొందము” అనినచో సిగ్గు కొంచెము, మేలు మిక్కిలి.

ఈ సందర్భమున గ్రంథాలయమునకు ఒక పెద్ద ఇంగ్లీషు–తెలుగు నిఘంటువును, దానితోపాటు గీతలు కొట్టిన యొక తెల్లకాగితపు పుస్తకమును సమర్పించుకొనుచున్నాను. ఎవరికి క్రొత్త పలుకుబడి కనబడినను అందులో వ్రాసి, ప్రక్కన అర్థమును, సాటి తెలుగు నుడిని వ్రాయుదురుగాక. మొదటి పుటలో మొదటి పంక్తి నేనే వ్రాసితిని: “నాట్ ఔట్ ఆఫ్ ది వుడ్స్ – గండము గడవలేదు.”

ఉత్తరము చేతబట్టుకొని వచ్చు తల్లి కెవరికిని ఈ యూర మఱల తప్పు చెప్పకుందుముగాక. మన గ్రంథాలయము వర్ధిల్లుగాక. సెలవు.